టెర్రా నిల్: పని పూర్తయ్యాక దేవుడు తప్పుకోవాల్సిన ఆట

దేవుడిలా పైనుంచి చూస్తూ నేలను మలిచే ఆటలంటే నాకు చాలా కాలంగా పిచ్చి. 1989లో బుల్‌ఫ్రాగ్ వాళ్లు తెచ్చిన పాపులస్ ఈ తరహా ఆటలకు బాట వేసింది. అందులో నేలను ఎత్తుతాం, దించుతాం, చదును చేస్తాం. చదును ఎంత పెద్దదైతే మన భక్తులు అంత పెద్ద ఇళ్లు కట్టుకుంటారు. 2013లో నెదర్లాండ్స్‌కి చెందిన ఆబీ గేమ్స్ చేసిన రియస్‌లో నలుగురు మహాకాయులు గుండ్రటి గ్రహం మీద తిరుగుతూ సముద్రాన్నీ కొండల్నీ అడవినీ చిత్తడినీ పుట్టిస్తారు. రెండూ నాకు ఇష్టమే. కానీ రెండింట్లోనూ కాలం పరిగెడుతూనే ఉంటుంది. ఒక మూల అడవి ఎక్కడ పెంచాలా అని ఆలోచిస్తుంటే ఇంకో మూల ఊళ్లు ఒకదాని మీద ఒకటి దండెత్తుతాయి. నాకు కావలసింది నేల, దాన్ని తీరిగ్గా చూసుకునే సమయం. ఆ రెండూ కలిపి ఇచ్చిన ఆట టెర్రా నిల్.

కేప్‌టౌన్‌లోని ఫ్రీ లైవ్స్ స్టూడియో దీన్ని చేసింది, డివాల్వర్ డిజిటల్ విడుదల చేసింది. బ్రోఫోర్స్ లాంటి తుపాకుల మోత ఆట చేసినవాళ్లే ఇంత నెమ్మదైన ఆట చేశారంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. 2019లో ఒక గేమ్ జామ్ (కొద్ది సమయంలోనే ఆట తయారుచేసే పోటీ) కోసం చేసిన చిన్న నమూనాతో మొదలై, 2023 మార్చి 28న కంప్యూటర్ల మీదా, నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లలోనూ పూర్తి ఆటగా వచ్చింది. నేను ఆడింది కంప్యూటర్ మీద.

ఇందులో ప్రజలు లేరు, భక్తులు లేరు, శత్రువులు లేరు. చచ్చిపోయిన నేల ఒకటి మన ముందుంటుంది. బూడిద రంగు మట్టి, ఎండిపోయిన నదీ గర్భం, అక్కడక్కడా రాళ్లు. దాన్ని మళ్లీ బతికించి, మనం పెట్టిన యంత్రాలన్నీ విప్పి సర్దుకుని వెళ్లిపోవాలి. అంతే ఆట. నా వంతు, నీ వంతు అని విడిగా ఉండదు కానీ, నేను ఒక యంత్రం పెట్టేదాకా అక్కడ ఏదీ ముందుకు కదలదు. పెట్టగానే దాని ఫలితం కళ్ల ముందే పరుచుకుంటుంది. అంటే ప్రతి యంత్రమూ ఒక ఎత్తు. గడియారం తీసేసిన చదరంగం లాంటిది. టెన్షన్ ఉంటుంది, తొందర ఉండదు. ఆ తేడా నాకు చాలా విలువైనది.

ఇక వనరుల లెక్క. ఇక్కడ డబ్బు అంటే ఆకులు. ప్రతి యంత్రానికీ కొన్ని ఆకులు ఖర్చవుతాయి, నేల బాగుపడితే ఆకులు తిరిగొస్తాయి. మొదటి ప్రాంతమైన నదీ లోయలో వరస ఇలా ఉంటుంది. గాలిమరను రాతి మీదే నిలబెట్టాలి. దాని కరెంటు కొంత దూరమే పోతుంది. ఆ దూరం లోపలే నేలలోని విషాన్ని లాగేసే యంత్రం పెట్టాలి. విషం పోయిన నేల మీద నీళ్లు చిమ్మే యంత్రం పెడితే గడ్డి మొలుస్తుంది. గడ్డి మొలిచిన ప్రతి గడికీ ఆకులు జమ అవుతాయి. వినడానికి తేలిక. కానీ రాయి మనకు కావలసిన చోట ఉండదు. రెండు యంత్రాల పరిధులు ఒకదాని మీద ఒకటి పడితే ఆ మేరకు ఖర్చు వృథా. అలాగని మరీ దూరంగా పెడితే మధ్యలో బూడిద పట్టీలు మిగిలిపోతాయి, వాటి కోసం మళ్లీ ఇంకో గాలిమర, ఇంకో యంత్రం. రాయి లేనిచోట రాయిని పుట్టించే యంత్రమూ ఉంది, దానికీ ఆకులే. ఆకులు అడుగంటితే ఆ ప్రాంతం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే.

అందుకే ఈ ఆటలో నాకు బాగా నచ్చిన క్షణాలు యంత్రాన్ని పెట్టకముందువి. మౌస్‌ను నేల మీద అటూ ఇటూ జరుపుతుంటే ఏ గడులు మారతాయో కనిపిస్తుంటుంది. ఒక గడి ఎడమకు జరిపితే నది ఒడ్డు కలిసొస్తుంది, కుడికి జరిపితే కొండ వెనకాల ముక్క కలిసొస్తుంది. అక్కడే ఆగి ఎంతసేపైనా ఆలోచించొచ్చు. ఎండిన నదిలోకి నీళ్లు వదిలినప్పుడు మాత్రం మౌస్ వదిలేసి చూస్తాను. నీళ్లు గర్భంలో వంపులు తిరుగుతూ పారడం, పక్కనే గడ్డి రంగెక్కడం, ఆ వెంటే సన్నగా నీటి చప్పుడు. సంగీతం ఎక్కడా మీద పడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడాల్సిన ఆట ఇది.

రెండో దశలో అసలు పని మొదలవుతుంది. గడ్డి ఒక్కటే ఉంటే చాలదు, రకరకాల ఆవరణాలు కావాలి. నదీ లోయలో చిత్తడి నేల, పూల పొదలు, అడవి. ఇవి ఒకదాని చోటు ఒకటి ఆక్రమిస్తాయి. చిత్తడికి ఎక్కువిస్తే అడవికి చోటు తగ్గుతుంది. పూల పొదలు తేనెటీగల పెట్టెలతో వస్తాయి. అడవి మాత్రం ఊరికే రాదు. అడవికి బూడిద కలిసిన సారవంతమైన నేల కావాలి, బూడిద కావాలంటే మనం ఇంతసేపూ పెంచిన పచ్చదనంలో కొంత భాగానికి మనమే నిప్పు పెట్టాలి.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ ఆట గొప్పతనం నాకు ఇక్కడే కనిపించింది. ఎండను ఒకచోటికి చేర్చి మంట రాజేసే యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని పెట్టేముందు మంట ఎటు పోతుందో చూసుకోవాలి. నీళ్లున్న చోట, రాయి ఉన్న చోట ఆగుతుంది. మిగతా చోట్ల పాకుతుంది. నేను మొదటి మంట పెట్టేటప్పుడు మా అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది.

“నాన్నా, ఇంత కష్టపడి పెంచి కాల్చేస్తావా?” అంది.

“కాల్చకపోతే చెట్లు రావమ్మా.”

“అయితే ఆ వైపు కాల్చకు. అక్కడ పూలున్నాయి.”

పూలున్న వైపుకూ మంటకూ మధ్య నది పాయ ఉండేలా చోటు మార్చి పెట్టాం. నారింజ రంగు గీత ఒకటి గడ్డి మీద పాకుతూ వెళ్లి, నీళ్ల దగ్గర ఆగింది. వెనకాల నల్లటి నేల. దాని మీద అడవిని పెంచే యంత్రం పెట్టగానే చెట్లు ఒక్కొక్కటే లేచాయి.

ఇది ఆట కోసం కల్పించిన నియమం కాదు. కేప్‌టౌన్ చుట్టుపక్కల కొండల మీద ఫిన్‌బోస్ అనే రకరకాల పొదల సముదాయం ఉంది. దానికి అప్పుడప్పుడూ మంట తగలడం అవసరం. అందులో చాలా మొక్కల విత్తనాలు మంట తర్వాతే, కొన్ని పొగ తగిలాకే మొలకెత్తుతాయి. ఆటలోని పూల పొదలకు కూడా ఫిన్‌బోస్ అనే పేరే పెట్టారు. చేసినవాళ్లు తమ కిటికీలోంచి కనిపించే కొండను ఎరిగినవాళ్లు కాబట్టే నిప్పు ఇక్కడ శిక్షలా రాదు, పనిముట్టులా వస్తుంది. నేను ఆడిన మిగతా దేవుడి ఆటల్లో అగ్ని అంటే కోపం వచ్చినప్పుడు ఎవరి మీదో పడేసేదే.

నీళ్లూ పచ్చదనం పెరిగేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది. తేమ ఒక మట్టం దాటగానే వాన పడుతుంది. ఆ వాన మనం వదిలేసిన మురికి నేలను కూడా కడిగేస్తుంది. అంటే ప్రతి గడినీ మనమే బాగుచేయక్కర్లేదు. కొంత చేసి, వానకు వదిలేయాలి. ఇది తెలిశాక ఆడే తీరే మారిపోతుంది. ఆకుల ఖర్చులో పిసినారితనం ఎక్కడ చూపాలో తెలుస్తుంది.

మూడో దశ ఈ ఆటకు ప్రాణం. వచ్చిన జంతువులను వెతికి పట్టుకోవడంతో పాటు, మనం పెట్టిన ప్రతి గాలిమరనూ ప్రతి యంత్రాన్నీ విప్పి తీసుకుపోవాలి. నదీ లోయలో ఆ సరుకును పడవలు మోసుకెళ్తాయి. నది చేరని చోట యంత్రం పెట్టి ఉంటే అక్కడిదాకా దారి చేయాలి. కాబట్టి మొదటి గాలిమర పెట్టేటప్పుడే, దీన్ని రేపు ఎలా తీస్తాను అని ఆలోచించే ఆటగాడు తయారవుతాడు. రెండో ప్రాంతమైన ద్వీపంలో ఆ పని మోనోరైలుతో, అక్కడ పగడపు దిబ్బలు కూడా పెంచాలి. తర్వాత అగ్నిపర్వతమూ మంచూ కలిసిన ప్రాంతం, ఆ తర్వాత నీట మునిగిన నగరం. ప్రతిదానికీ లెక్క వేరు, నేల వేరు.

జంతువుల విషయంలో నాకు అసంతృప్తి ఉంది. విడుదలైనప్పటి రూపంలో అవి చివర్లో టిక్కు పెట్టుకునే జాబితాలా ఉండేవి. కప్పకు చిత్తడి, ఎలుగుబంటికి అడవి, ఫలానా చోట ఉందేమో వెతుకు, దొరికిందా, అయిపోయింది. ఇంత శ్రద్ధగా నేలను కట్టించిన ఆట ఆ నేల మీద బతికేవాటిని అంత తొందరగా దాటేయకూడదు. 2024లో ఉచితంగా వచ్చిన వీటా నోవా అప్‌డేట్‌లో ఈ జంతువుల పద్ధతిని మార్చారు, కొత్త ప్రాంతాలూ కలిపారు. ఇప్పుడు కొనేవాళ్లకు అదృష్టమే. అయినా జంతువులు ఆవరణాన్ని తిరిగి మార్చడం, అంటే జింకల మంద పెరిగితే గడ్డి తగ్గడం లాంటిది, నాకు ఇంకా కావాలి.

ఇంకొకటి, ఆట చిన్నది. మ్యాపు ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది కాబట్టి మళ్లీ ఆడొచ్చు, నేను ఆడుతూనే ఉన్నాను. కానీ రాజ్యాలు కడుతూ నెలల తరబడి ఒకే ఆటలో ఉండాలనుకునేవాళ్లకు ఇది తొందరగా అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆటలోపల చేత్తో గీసిన బొమ్మలతో ఒక చిన్న పుస్తకం ఉంది, ఏ యంత్రం ఏం చేస్తుందో, ఏ జంతువుకు ఏం కావాలో అందులో ఉంటుంది. దాన్ని తప్పకుండా చదవండి, బొమ్మల కోసమైనా చదవండి.

ఏ స్థాయిలో ఆడాలి అని అడిగేవాళ్లకు నా సలహా. ఆకుల గొడవే లేని జెన్ మోడ్ పిల్లలతో కలిసి ఆడటానికి బాగుంటుంది, మా అమ్మాయి అందులోనే ఆడుతుంది. ఈ తరహా ఆటలు ఇంతకుముందు ఆడి ఉంటే మాత్రం తేలిక స్థాయిలో మొదలుపెట్టకండి. అందులో ఆకులు ఎప్పుడూ మిగిలే ఉంటాయి, ఎక్కడ పెట్టినా చెల్లుతుంది, దాంతో చోటు ఎంచుకోవడంలోని రుచి తెలియకుండానే ప్రాంతం అయిపోతుంది. మధ్య స్థాయిలో నదీ లోయ ఒకసారి ముగించి, అదే ప్రాంతాన్ని కొత్త మ్యాపు మీద పై స్థాయిలో ఆడి, అప్పుడు ద్వీపానికి వెళ్లండి. లాభాల్లో కొంత భాగం ఎన్‌డేంజర్డ్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ అనే దక్షిణాఫ్రికా సంస్థకు ఇస్తామని స్టూడియో ప్రకటించింది. కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లు దాన్నీ లెక్కలోకి తీసుకోండి. నా మట్టుకు ఐదుకు నాలుగు. జంతువులకు నేలంత శ్రద్ధ దక్కిన రోజున ఆ ఒక్కటీ కలిపేస్తాను.