ఎండను ఎవరు బాగా వాడుకుంటారు: మొక్కా, నాచా?

మీద పడే ఎండలో సగానికి పైగా కిరణజన్య సంయోగక్రియకు పనికిరాదు. ఈ నష్టం ఇద్దరికీ ఒకటే. సిద్ధాంతం ప్రకారం మొత్తం ఎండలో వరి, గోధుమ సుమారు 4.6 శాతం, మొక్కజొన్న, చెరకు 6 శాతం దాకా పట్టగలవు. పొలంలో మాత్రం 1 శాతం దాటడమే కష్టం. వరిలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టాల్సిన రుబిస్కో అనే ఎంజైమ్ దాని బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అదో తలనొప్పి!

సూక్ష్మ నాచుకు వేరు, కాండాల ఖర్చు లేదు. ప్రతి కణమూ ఆకే. చాలా రకాలు రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్‌ను పోగేస్తాయి కూడా. కాగితం మీద గెలుపు నాచుదే.

కానీ చిక్కటి పచ్చనీళ్ల తొట్టి చూడండి: పైకణాలు ఎక్కువైన వెలుగును వేడిగా వదిలేస్తాయి, కొన్ని సెంటీమీటర్ల కింద చీకటి. అన్ని కణాలకూ వెలుగు అందేలా నీళ్లను కలుపుతూ ఉండాలంటే కరెంటు కావాలి. మొక్క ఆకులను అంతస్తులుగా పరిచి వెలుగును పంచే ఆ పని ఊరికే చేసుకుంటుంది.