పింఛను డబ్బులు కూడబెట్టి బ్యాటరీ వీల్‌చైర్ కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

మా తమ్ముడికి జరిగింది రాస్తున్నానండి. కోనసీమలో గానీ మా పాలకొల్లు, నర్సాపురం వైపు గానీ పింఛను డబ్బులు దాచుకుని ఏదైనా పెద్ద వస్తువు కొందామనుకుంటున్నవాళ్ళు కొనేముందు ఇది చదవాలని. షాపు పేరు రాయట్లేదు, కేసు నడుస్తోంది. పేరు తెలియకపోయినా నష్టం లేదులెండి, ఇలాంటివాళ్ళు మాట్లాడే తీరు ఒకేలా ఉంటుంది, అది గుర్తుపడితే చాలు.

తమ్ముడు కొబ్బరి దింపు తీసేవాడు. 2022 వానాకాలంలో అంబాజీపేట దగ్గర ఒక తోటలో తడి మట్ట మీద కాలు జారి చెట్టు మీంచి పడిపోయేడు. వెన్నుపూస దెబ్బతింది, నడుం కింద స్పర్శ లేదు, చేతులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఇంట్లో అమ్మా వాడూ ఇద్దరే, నేను పెళ్ళై పాలకొల్లులో ఉంటాను. మొదట్లో పింఛను 5 వేలు వచ్చేది, 2024 జూలై నుంచి మంచానికీ కుర్చీకీ పరిమితమైనవాళ్ళకి 15 వేలు చేసేరు కదా, ఆ మొదటి నెల అమ్మ ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి దేవుడి దగ్గర పెట్టి మరీ తీసిందండి. యూరిన్ బ్యాగులు, డైపర్లు, మందులు, ఇంటి ఖర్చు అన్నీ పోను నెలకి 6 వేలు పక్కన పెట్టేం. వాడి కోరిక ఒక్కటే, ఎవర్నీ అడక్కుండా కాలవ గట్టు మీద టీ కొట్టు దాకా వాడంతట వాడు వెళ్ళిరావాలని.

సరిగ్గా ఆ కోరిక మీదే దెబ్బకొట్టేరు. పోయినేడాది మే ఒకటో తారీఖున సచివాలయం అబ్బాయి వచ్చి పింఛను ఇచ్చి వెళ్ళిన గంటకే బండి మీద ఒకతను వచ్చేడు. ఏ ఇంట్లో 15 వేల పింఛను వస్తోందో అతనికి ముందే తెలుసు. చేతిలో కలర్ పాంప్లెట్లు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. "అక్కా, మీ తమ్ముడు పొలం గట్ల మీద కూడా తిరిగేస్తాడు, లిథియం బ్యాటరీ, ఒక్క ఛార్జింగ్‌కి 20 కిలోమీటర్లు, ఐదేళ్ళు మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు, అసలు రేటు 68 వేలు, ఇవాళ అడ్వాన్స్ ఇస్తే 61కి ఇప్పిస్తా" అన్నాడు. తమ్ముడి మొహం చూసేక నాకు ఇంకో ప్రశ్న అడగబుద్ధి కాలేదండి, అదే నేను చేసిన తప్పు. అక్కడికక్కడే 20 వేలు నోట్లు చేతిలో పెట్టేం, రసీదు అడిగితే షోరూంలో మొత్తం బిల్లు ఒకేసారి ఇస్తారన్నాడు. రెండు రోజుల తర్వాత నేనూ మావయ్యా టౌన్‌కి వెళ్ళి చూసేం, టైల్స్ వేసిన గచ్చు మీద కుర్చీ జుయ్యిమని తిరిగింది, మిగతా 41 వేలు ఫోన్‌పే కొట్టి వచ్చేసేం. కూర్చోవాల్సిన మనిషిని తీసుకెళ్ళలేదు, కారు మాట్లాడాలి, ఖర్చు అనుకున్నాం. వాడి నడుం కొలత గానీ మా ఇంటి గుమ్మం కొలత గానీ ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

కుర్చీ వచ్చిన రోజే తెలిసిపోయింది. మా వైపు వరదలకి భయపడి ఇళ్ళు ఎత్తుగా కట్టుకుంటాం, మాది రెండడుగుల ఎత్తు అరుగు, ఆ పైన గడప. పాంప్లెట్‌లో బరువు 26 కిలోలు అని వేసేరు, ఇద్దరు మగాళ్ళు పట్టుకున్నా లేవట్లేదేంటా అని తర్వాత ఎండుకొబ్బరి కొట్లో కాటా మీద పెట్టి తూస్తే 48 కిలోలు వచ్చింది. బాత్రూం గుమ్మం 24 అంగుళాలు, కుర్చీ వెడల్పు 26. అంటే ఇంటి లోపలికి రాదు, వచ్చినా బాత్రూంకి పోదు, వాకిట్లో షెడ్డు కింద పెట్టి వాడిని మోసుకొచ్చి కూర్చోబెట్టాలి. అయినా వాడు ఏమనలేదు, బయట తిరగడానికే కదా అక్కా అన్నాడు.

నాలుగో రోజు కాలవ లాకుల దాకా వెళ్ళేడు, ఒకటిన్నర కిలోమీటరు ఉంటుంది. తిరిగొస్తుంటే పుంత రోడ్డులో బండి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం, రోహిణీ కార్తె ఎండ, నీడకి ఒక్క చెట్టు కూడా లేని చోట. వరి చేలో పనిచేస్తున్న కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి తోసేరు, చక్రాలు కదల్లేదు, ఈడ్చుకుంటూ తెచ్చేరు పాపం. బ్యాటరీ కుర్చీల్లో మోటార్ల దగ్గర చిన్న లివర్లు ఉంటాయంట, అవి తిప్పితేనే చక్రాలు ఫ్రీ అయ్యి తోయడానికి వీలవుతుంది, ఆ సంగతి అమ్మినవాడు చెప్పలేదు, మాకు తర్వాత వేరే మెకానిక్ చూపించేడు. ఇది ఇప్పటికే బ్యాటరీ కుర్చీ వాడుతున్నవాళ్ళు కూడా ఇవాళే వెతికి చూసుకోండి.

షాపుకి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వస్తాడన్నారు, పది రోజులు రాలేదు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేసేరు. మా వీధిలో ఎలక్ట్రీషియన్ అబ్బాయి ఒకడున్నాడు, అన్నయ్యా నేను చూస్తాను అని సీటు కింద పెట్టె స్క్రూలు విప్పేడు. లోపల రెండు నల్లటి బ్యాటరీలు, ఒక్కోటి 12 వోల్టులు, చేత్తో ఎత్తితే ఇటుకలంత బరువు. పైన మెరిసే స్టిక్కరు, దాని మీద లిథియం అని పెద్ద అక్షరాలు. స్టిక్కరు ఒక మూల లేచి ఉంది, గోటితో లాగితే ఊడొచ్చింది, కింద కంపెనీవాడు అచ్చు వేసిన అక్షరాలు లెడ్ యాసిడ్ అని, అంటే లిథియం కాదు, చవకగా దొరికే పాత రకం బరువు బ్యాటరీ. ఒక బ్యాటరీ పక్కలు ఉబ్బి కూడా ఉన్నాయి. అబ్బాయి మొత్తం ఫోన్‌లో వీడియో తీసేడు, కేసులో మాకు గట్టి సాక్ష్యం అదే. అందుకే చెప్తున్నానండి, బ్యాటరీ పెట్టె విప్పి చూపించమని కొట్లోనే అడగండి, సీలు ఉంది విప్పితే వారంటీ పోతుంది అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పేది ఇంకో ఎత్తు. ఆ సీటు 18 అంగుళాలది, మా వాడి నడుం వెడల్పు 14 అంగుళాలు. అంత వదులు సీట్లో కూర్చుంటే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు, బరువంతా ఒక పిర్ర ఎముక మీద పడుతుంది, స్పర్శ లేదు కాబట్టి వాడికి నొప్పి తెలీదు. పైగా మెత్తగా కనపడే ఆ స్పాంజి నెల తిరక్కుండానే అట్టలా అణిగిపోయింది. ఒక రోజు అమ్మ స్నానం చేయిస్తూ ఎడమ పిర్ర మీద రూపాయి బిళ్ళంత మచ్చ చూసింది, మామూలు చోట వేలితో నొక్కి తీస్తే రంగు ఒక్క క్షణం పాలిపోయి మళ్ళీ వస్తుంది, ఇది నొక్కినా అలాగే ఉంది, చుట్టూ చర్మం కంటే వేడిగా గట్టిగా తగిలింది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తొందరగా కనపడదండి, అందుకే చూడ్డమే కాదు చేత్తో తడిమి చూడాలి. నాలుగు రోజులకి అది పుండయింది. రెండు నెలలు కుర్చీ ఎక్కలేదు, బోర్లా పడుకోబెట్టి రోజూ డ్రెస్సింగ్. కుర్చీలో కూర్చున్నప్పుడు అరగంటకోసారైనా చేతుల మీద లేచి బరువు తీయాలని, మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చాలని అప్పుడు ఆసుపత్రిలో నర్సమ్మ నేర్పించేరు, 61 వేలు తీసుకున్న మనిషి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

బిల్లు సంగతి కూడా వినండి. వాళ్ళిచ్చింది ఎస్టిమేట్ అని రాసిన చీటీ, దాని మీద 51,700, జీఎస్టీ 18 శాతం 9,306, మొత్తం 61,006 అని ఉంది, ఆరు రూపాయలు వదిలేసేమన్నారు. జీఎస్టీ నంబరు ఎక్కడా లేదు. వీల్‌చైర్లకి జీఎస్టీ 5 శాతమేనండి, అంటే 2,585 పడాల్సిన చోట 9 వేలు గుంజేరు. ఇది మా ఆడపడుచు కొడుకు, అకౌంట్స్ పని చేస్తాడు, అతను చీటీ చూసి పట్టుకున్నాడు. మీరు ఏ షాపులో కొన్నా నంబరు ఉన్న పక్కా బిల్లు, అందులో మోడల్ పేరు, బ్యాటరీ రకం, వారంటీ ఎన్ని నెలలు అనేది రాయించుకోండి, నోటితో చెప్పింది వినియోగదారుల కమిషన్‌లో నిలబడదు.

మేం ఏం చేసేమంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేం, తెలుగులోనే మాట్లాడేరు, ఫిర్యాదు నంబరు ఇచ్చేరు. షాపువాళ్ళ జవాబు ఏంటంటే బ్యాటరీకి వారంటీ ఉండదు అని. తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసేం. కొన్న వస్తువు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు లేకపోయినా మనమే వేసుకోవచ్చు, షాపు వేరే జిల్లాలో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే వేయొచ్చు, గొడవ జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. పాంప్లెట్, చీటీ, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, అతను పెట్టిన వాట్సాప్ వాయిస్‌లు, కాటా మీద తూచిన వీడియో, బ్యాటరీ విప్పిన వీడియో అన్నీ ఇచ్చేం. నోట్లుగా ఇచ్చిన ఆ 20 వేలకి మాత్రం ఏ కాగితమూ లేదు, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో రకం వాళ్ళు కూడా తిరుగుతున్నారు. కేంద్ర ప్రభుత్వం అడిప్ పథకం కింద కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో తయారుచేసిన ట్రైసైకిళ్ళు, వీల్‌చైర్లు క్యాంపులు పెట్టి ఇస్తారు, 40 శాతం వైకల్యం, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, నెలకి 22,500 లోపు ఆదాయం ఉంటే ఉచితమే, బ్యాటరీ ట్రైసైకిల్‌కి 80 శాతం ఉండాలి. దానికి అప్లికేషన్ ఫీజు 3 వేలు ఇవ్వండి మీ పేరు ఎక్కిస్తాం అని మా పక్క ఊళ్ళో వసూలు చేసేరు. ఆ డబ్బు ఎవరికీ ఇవ్వకండి, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడిగితే క్యాంపు ఎప్పుడో కనుక్కుని చెప్తారు. కంతుల మీద ఇస్తాం, ఆధార్ ఇచ్చి వేలిముద్ర వేయండి అన్నవాళ్ళని కూడా గుమ్మం ఎక్కనివ్వకండి, పింఛను తీసుకోవడానికి తప్ప ఆ వేలు ఎక్కడా పెట్టొద్దు.

పుండు మానేక మళ్ళీ నెలనెలా కొంచెం కొంచెం పెట్టి చేసినవి చెప్తాను, 61 వేల కుర్చీ ఇవ్వని సుఖం ఇవి ఇచ్చేయి. ముందు ఎయిర్ బెడ్ కొన్నాం, 2,800 అయింది, పంపుతో గాలి గదులు మార్చి మార్చి పొంగుతాయి, కరెంటు పోతే పంపు ఆగిపోతుంది కాబట్టి ఆ ప్లగ్గు ఇన్వర్టర్‌కి కలిపించేం. తర్వాత చేత్తో తిప్పుకునే మడత కుర్చీ, 16 అంగుళాల సీటు, అల్యూమినియం ఫ్రేమ్‌ది, మన సముద్రపు గాలికి ఇనప కుర్చీలు ఏడాదికే పొక్కులొచ్చి తుప్పు పట్టేస్తాయి. ఈసారి వాడిని వ్యాన్‌లో తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూసేం, నడుం పక్కన రెండు వైపులా ఒక్కో అంగుళం, మోకాలి వెనక రెండు వేళ్ళ సందు ఉండేలా. దాని మీదకి గాలి కుషన్.

అన్నిటికంటే అమ్మకి తెరిపి ఇచ్చింది ర్యాంపు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి, మాది రెండడుగుల అరుగు కాబట్టి 24 అడుగులు, అంత చోటు లేదు, మేస్త్రీ గోడ వెంబడి తిప్పి మధ్యలో మలుపు దగ్గర చదునుగా కట్టేడు. గడప తియ్యడానికి అమ్మ మొదట ఒప్పుకోలేదు, పసుపు రాసే గడప కదా, చివరికి దాన్ని అలాగే ఉంచి రెండు వైపులా చెక్కతో వాలు పెట్టించేం. బాత్రూం తలుపు, ద్వారబంధం తీసేసి కర్ర కొట్టి పరదా వేసేం, ఖర్చు 700, ఆ పనితో వాడు మూడేళ్ళ తర్వాత ఒక్కడే స్నానానికి వెళ్ళేడు. నెలకి 3 వేలు ఇచ్చి ఎదురింటి పిన్నిని పొద్దున్న రెండు గంటలు సాయం పెట్టేం, అమ్మ ఇప్పుడు ఆ రెండు గంటలు నిద్రపోతోంది. తమ్ముడు దింపు ముఠా లెక్కలు రాస్తున్నాడు, ఎవరి తోటలో ఎన్ని కాయలు, ఎవరికి ఎంత కూలి అనేది ఫోన్‌లోనే చూసుకుంటాడు, నెలకి కొంత ఇస్తున్నారు.

టీ కొట్టుకి వాడు చేతులతో తిప్పుకుంటూనే వెళ్తున్నాడు, సీసీ రోడ్డు ఉన్నంత మేర ఇబ్బంది లేదు, వాన పడితే బంకమట్టి చక్రాలకి పట్టేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో ఇంట్లోనే. బ్యాటరీ కుర్చీ అసలు కొనొద్దని నేను చెప్పట్లేదు, చేతులు పనిచెయ్యని వాళ్ళకి అది తప్పదు, కానీ మీ వీధిలో, మీ గుమ్మంలో, మీ మనిషిని కూర్చోబెట్టి ఒక రోజంతా తిప్పి చూపించని వాడి దగ్గర మాత్రం కొనకండి. అంబాజీపేట చుట్టుపక్కల ఎవరైనా కుర్చీ కొనే ఆలోచనలో ఉంటే కింద నాకు మెసేజ్ పెట్టండి, సాయంత్రం పూట వస్తే తమ్ముడు ఇంటిదగ్గరే ఉంటాడు, టేపు పెట్టి మీవాళ్ళ కొలతలు వాడే తీసి కాగితం మీద రాసిస్తాడు.