తాత పేరు మీది అంబాసిడర్ నా పేరు మీదికి: నాలుగేళ్ల వాడకం తర్వాత సమీక్ష

మా 1984 అంబాసిడర్ ఆర్సీ నా పేరు మీదికి మారి నాలుగేళ్లవుతోంది. ఈ నాలుగేళ్లలో బండి నడిపాను, ఇన్సూరెన్స్ కట్టాను, తనిఖీల్లో కాగితాలు చూపించాను, 2022లో, 2024లో మేడారం జాతరకు ఇంటిల్లిపాదినీ అందులోనే తీసుకెళ్లాను. ఆర్సీ చేతికొచ్చిన రోజే రాసి ఉంటే సంతోషం మాత్రమే రాసేవాణ్ని. ఆ కాగితం దేనికి పనికొస్తుందో వాడాకే తెలిసింది.

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు చాలా ఇళ్లలో రేకుల షెడ్డు కింద ఇలాంటి బండ్లున్నాయి. తాతలు కొన్నారు, కొడుకులు నడిపారు, పేరు ఎవరూ మార్చలేదు. ఇంజిన్ బాగుచేసే మేస్త్రీలు ఇంకా దొరుకుతున్నారు. కాగితాలు సరిచేసుకునే దారి మాత్రం మొదలు నుంచి చివరిదాకా చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. అందుకని నాకు తెలిసిందంతా ఇక్కడ పెడుతున్నాను. ముందే ఒక మాట చెప్పాలి: ఈ పనిలో సగానికి పైగా ఆర్టీఏ ఆఫీసులో కాదు, చుట్టాల ఇళ్లలో జరుగుతుంది.

తాత ఈ కారును బ్యాంకు అప్పు మీద కొన్నాడు. మార్క్ 4 రకం, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, స్టీరింగ్ పక్కన గేరు. పదిహేనేళ్లు నిండాక 1999లో ఆయనే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగించుకున్నాడు. 2003లో పోయాడు, మరుసటి ఏడాది ఆ గడువూ ముగిసింది. బాపు కారును అమ్మనివ్వలేదు గానీ కాగితాల జోలికి పోలేదు. 2018లో బాపు కూడా పోయాడు. నా చేతికొచ్చేసరికి కారు చనిపోయిన మనిషి పేరు మీద ఉంది. ఆర్సీ గడువు తీరింది, ఇన్సూరెన్స్ లేదు, ఆర్సీ పుస్తకంలో బ్యాంకు తాకట్టు ముద్ర అలాగే ఉంది.

రూలు సూటిగానే ఉంది. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో 56వ రూలు ఇలాంటి బండ్ల కోసమే. యజమాని పోతే, బండి ఎవరి చేతికొచ్చిందో వాళ్లు 30 రోజుల్లోపు ఆ సంగతీ, బండిని తాము వాడుకుంటామన్న సంగతీ ఆర్టీఏకు తెలియజేయాలి. అలా తెలియజేస్తే మూడు నెలలు తమ బండిలాగే నడుపుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే ఫారం 31 నింపి, మరణ ధ్రువపత్రం, ఆర్సీ, ఇన్సూరెన్స్ జతచేసి పేరు మార్పుకు పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్ కూడా పాలసీదారు పోయాక మూడు నెలల వరకో, పాలసీ గడువు వరకో, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. మీ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, దినాలు అయిన వారంలోనే ఆర్టీఏకు ఆ ఉత్తరం ఇచ్చేయండి. ఆ దుఃఖంలో బండి మాట ఎత్తడానికి మనసు రాదు, నిజమే. కానీ నెల ఇట్టే గడిచిపోతుంది.

మా కేసులో ఆ గడువులన్నీ ఏనాడో దాటిపోయాయి. మొదట కలిసిన ఏజెంటు తేలిక దారి ఒకటి చెప్పాడు. మామూలు అమ్మకానికి వాడే 29, 30 ఫారాల మీద తాత సంతకం నేనే పెట్టాలట, పాత కాగితాల్లో చూసి దింపితే చాలట, వారంలో పనైపోతుందట. నాకు కోపం ఆగలేదు. పోయిన మనిషి సంతకం పెట్టడం ఫోర్జరీ. రేపు యాక్సిడెంట్ కేసులోనో, అన్నదమ్ముల తగాదాలోనో ఆ ఆర్సీ కోర్టు ముందుకొస్తే, తాత పోయిన తేదీ ఒక్కటి చాలు దాన్ని కొట్టేయడానికి. మీకూ ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. దయచేసి వినకండి.

ఇక అసలు పని వారసుల దగ్గర మొదలైంది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మగవాడి ఆస్తికి భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరూ హక్కుదారులే. కారు కూడా ఆస్తే. నాయనమ్మ తాతకంటే ముందే పోయింది కాబట్టి బాపు, చిన్నాయన, ఇద్దరు మేనత్తలు వారసులు. పెద్ద మేనత్త ఇప్పుడు లేదు, ఆమె తరఫున కొడుకు, అంటే మా బావ. బాపు తరఫున అమ్మ, అక్క, నేను. మిగతా అందరూ 'ఈ వాహనం ఫలానా వారి పేరు మీదికి మార్చడానికి మాకు అభ్యంతరం లేదు' అని బాండ్ పేపరు మీద రాసి నోటరీ చేయించాలి.

అమ్మ, అక్క వెంటనే పెట్టారు. మంచిర్యాలలో ఉండే చిన్న మేనత్త కారు ఫోటో చూసి ఏడ్చి పెట్టింది. బావ భీవండిలో పవర్‌లూమ్ పనిలో ఉన్నాడు. అక్కడే నోటరీ చేయించి, ఆధార్ నకలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపాడు. చిన్నాయన మాత్రం చాలా రోజులు తీసుకున్నాడు. "సంతకం పెడ్తగని, బండిని అమ్మనని మాటియ్యి బిడ్డా. మా పెండ్లిళ్లన్నీ దాంట్లనే అయినయి" అన్నాడు. మాట ఇచ్చాను. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కారు మీద ఆయన పెంచుకున్న ప్రేమకు చట్టంలో గడి లేదు, అంతే.

అఫిడవిట్లో 'మా తాతగారి కారు' అని రాయించి వదిలేయకండి. రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మూడూ అందులో ఉండాలి. తాత పేరు ఆర్సీలో ఇంటిపేరు పొడి అక్షరంతో, ఊరి రికార్డుల్లో పూర్తి ఇంటిపేరుతో ఉంది. ఆ ఇద్దరూ ఒక్కరేనని ఇంకో అఫిడవిట్ రాయాల్సి వచ్చింది.

అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది తాత మరణ ధ్రువపత్రం. ఆయన నర్సంపేట దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే పోయాడు. పంచాయతీ రిజిస్టరులో ఎవరూ రాయించలేదు. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయించాలంటే, రికార్డులో లేదని పంచాయతీ నుంచి కాగితం తీసుకుని మీసేవలో దరఖాస్తు పెట్టాలి. విచారణ అయ్యాక ఆర్డీవో ఉత్తర్వు ఇస్తారు. గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఊరికొచ్చి తాతను ఎరిగిన పెద్దమనుషుల వాంగ్మూలం రాసుకున్నాడు. ఆ పెద్దమనుషులు ఇంకో ఐదేళ్లకు ఉంటారో లేదో. ఈ పని వాయిదా వేస్తున్నవాళ్లు ఇంకేదీ చేయకపోయినా ముందు ఇదొక్కటి చేయండి. బాపుది నగరంలో నమోదైంది కాబట్టి వెంటనే దొరికింది. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కు మళ్లీ మీసేవ, మళ్లీ తహసీల్దారు ఆఫీసు.

మధ్యలో జిల్లాల గొడవ ఒకటి. 2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు మా ఊరు వరంగల్ రూరల్‌లోకి, మేముండే ఇల్లు వరంగల్ అర్బన్‌లోకి వెళ్లాయి. మా ఫైలు నడుస్తుండగానే, 2021 ఆగస్టులో, అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. ఒకే ఇంటి కాగితాల్లో మూడు రకాల జిల్లా పేర్లు. పేర్లు మారిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు ఒకటి ఫైలులో పెట్టాక ఎవరూ ప్రశ్న వేయలేదు.

బ్యాంకు ముద్ర తీయించడానికి ఫారం 35 కావాలి. దాని మీద అప్పిచ్చిన బ్యాంకు సంతకం ఉండాలి. తాత అప్పు తీర్చేశాడు గానీ ముద్ర కొట్టేయించలేదు. ఆ బ్యాంకు తర్వాత మరో బ్యాంకులో కలిసిపోయింది. అలా కలుపుకున్న బ్యాంకే పాత అప్పులకూ జవాబుదారీ కాబట్టి అక్కడే అడిగాను. తాత దాచిన చివరి వాయిదా రసీదు ట్రంకు పెట్టెలో దొరకడం మా అదృష్టం.

ఇన్సూరెన్స్ దగ్గర పని చిక్కుముడిలా బిగుసుకుంది. పేరు మార్పుకు ఇన్సూరెన్స్ అడుగుతారు, ఇన్సూరెన్స్‌కు చెల్లే ఆర్సీ అడుగుతారు. ఆన్‌లైన్లో అయితే పాత మూడక్షరాల నంబరే తీసుకోలేదు. బ్రాంచికి వెళ్లి, వారసుల కాగితాలు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన ప్రింటు చూపిస్తే థర్డ్ పార్టీ పాలసీ రాసిచ్చారు. ఫోన్లో ఎంత మాట్లాడినా తేలని పని మనిషి ఎదుట కూర్చుంటే తేలింది.

తనిఖీకి కారును లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాను. గడువు తీరిన ఆర్సీతో రోడ్డు మీద నడిపితే ఇంత శ్రమా వృథా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు చూసేది నంబర్లే. ఇంజిన్ నంబరు మీది మడ్డిని కిరసనాయిలుతో ముందే కడిగించాను. కరీంనగర్‌లో నా స్నేహితుడి అంబాసిడర్‌కు వాళ్ల నాన్న ఎప్పుడో డీజిల్ ఇంజిన్ పెట్టించాడు. ఆర్సీలో ఇంకా పెట్రోలే ఉంది, ఆ ఫైలు అక్కడే ఆగింది. బండికి ఒక్క రూపాయి పెట్టకముందే ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోల్చుకోండి. పొల్యూషన్ పరీక్షలో ఇంత పాత పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్ 1500 పీపీఎం దాటకూడదు. కార్బురేటర్ సరిగ్గా ట్యూన్ చేయిస్తే అంబాసిడర్ పాసవుతుంది.

2021 చివర్లో పేరు మార్పు, ఐదేళ్ల రెన్యువల్ రెండూ అయ్యాయి. తాత నుంచి నేరుగా నా పేరు మీదికే మార్చారు, మధ్యలో బాపు పేరు ఎక్కించాల్సిన అవసరం రాలేదు. నంబరు మారలేదు. అంతవరకు పుస్తకంలోనే ఉన్న వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. నాకు అన్నిటికంటే విలువైనది అదే, ఇక మీదట ఎవరూ రిజిస్టర్లు తిరగేయక్కర్లేదు.

వాడకంలో ఏమిటి లాభం? మొదటిది ఇన్సూరెన్స్. 1000 నుంచి 1500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 నుంచి ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. దానితో తీసుకునే 15 లక్షల ప్రమాద బీమా రిజిస్టర్డ్ యజమానే నడుపుతున్నప్పుడు వర్తిస్తుంది. కారు తాత పేరు మీదే ఉండి ఉంటే అది ఉన్నా లేనట్టే. రెండోది మనశ్శాంతి. పస్రా దగ్గర జాతర ట్రాఫిక్‌లో పోలీసులు ఆపినప్పుడు టెన్షన్ లేకుండా కాగితాలు ఇచ్చాను. పెళ్లిళ్లకు అద్దెకు అడుగుతుంటారు, ప్రైవేటు రిజిస్ట్రేషన్ బండిని అద్దెకు తిప్పకూడదు కాబట్టి ఇవ్వను. చుట్టాల పెళ్లిళ్లకు నేనే తోలుకెళ్తాను.

బండి సంగతికొస్తే లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లు ఇస్తుంది. మే నెల ఎండలో రామగుండం వైపు వెళ్తే పెట్రోల్ పైపులో ఆవిరి పట్టి ఆగిపోతుంది, కాసేపు బానెట్ ఎత్తి పెట్టాలి. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం మార్పించాను. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగినా సామాన్లకు ఇంతవరకు ఇబ్బంది పడలేదు.

మీ కారు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉంటే 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. కొత్తగా చేయించుకోవడానికి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. కానీ ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోల్ కోసం మాత్రమే బయటికి తీయాలి. బండిలో తిరగాలనుకునేవాళ్లకు నేను దాన్ని సూచించను. ఇంకో సంగతి, పదిహేనేళ్లు దాటిన కారు తిరగకూడదన్నది ఢిల్లీ వైపు మాట. మన దగ్గర ఫిట్‌నెస్ ఉంటే రెన్యువల్ అవుతుంది.

ఖర్చు మాత్రం పెరిగింది. నేను చేయించినప్పుడు కారు రెన్యువల్ ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకు 5,000 అయింది, ఆలస్యమైతే నెలకు 500 అదనం. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఏడాదికోసారి బయటికి తీసే పాత కారుకు ఇది బరువే. ఇంత కట్టలేక బండిని తుక్కుకు వేసే ఇళ్లుంటాయని నా బాధ.

నా రెన్యువల్ 2026 చివర్లో ఉంది. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25 పెట్టుకోవచ్చు. ఈలోగా బ్రేకులు విప్పించి సిలిండర్ కప్పులు మార్పించాలి. ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలు 2021లోనే వచ్చింది కాబట్టి, ఈసారి ఆఫీసుకు వెళ్లినప్పుడు మా అమ్మాయి పేరు కూడా ఎక్కిస్తాను.