కారు ముందుభాగాన్ని లేపే లిఫ్టుకు బయటి ప్రెషర్ స్విచ్: రెండేళ్ల వాడకం తర్వాత

మా కారు ముందుభాగాన్ని లేపే హైడ్రాలిక్ లిఫ్టులో పాత ప్రెషర్ స్విచ్ తీసేసి పెట్టిన కొత్తది రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు దాటి నమ్మకంగా పనిచేస్తోంది. అందుకే దాని గురించి ఇప్పుడు గట్టిగా రాయగలుగుతున్నాను. ఇది కారు కంపెనీ విడిభాగం కాదు. యంత్ర పరికరాల మార్కెట్లో దొరికే, ఒత్తిడిని సర్దుబాటు చేసుకోవడానికి వీలున్న పిస్టన్ రకం స్విచ్. తయారీదారు పేరు కావాలనే రాయడం లేదు. ఇవే వివరాలతో మంచి స్విచ్‌లు చేసే సంస్థలు మన దేశంలోనూ బయటా ఉన్నాయి, ఎంపికను తేల్చేది పేరు కాదు, ఆ వివరాలే.

హైదరాబాదులో నేలకు బాగా దగ్గరగా ఉండే ఇలాంటి కారు నడిపేవారికి ఈ లిఫ్ట్ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన కాలనీ రోడ్ల మీద మాత్రం వెడల్పు బాగా తగ్గి, ఎత్తు పెరిగిన స్పీడ్ బ్రేకర్లే ఎక్కువ. వాటికి తోడు జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ వాలు రోడ్ల నుంచి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే ర్యాంపులు ఉన్నాయి. ఇప్పటి పోర్షె 911 వంటి కార్లలో ఈ లిఫ్ట్ ముందుభాగాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు పైకెత్తుతుంది. మాది వేరే కారే అయినా లేచే ఎత్తు దాదాపు అంతే. ఆ కాస్త ఎత్తు లేకపోతే మా సెల్లార్‌లోకి బంపర్ గీసుకోకుండా దిగడం కుదరదు.

వ్యవస్థ పనితీరు సరళమైనదే. 12 వోల్టుల మోటారుతో తిరిగే చిన్న పంపు ట్యాంకులోని నూనెను ముందు చక్రాల సస్పెన్షన్ మీద ఉన్న రెండు సిలిండర్లలోకి నెడుతుంది. సిలిండర్లు పూర్తిగా సాగి చివరకు చేరాక నూనెకు పోవడానికి చోటుండదు కనుక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలను ప్రెషర్ స్విచ్ పసిగట్టి కంట్రోల్ యూనిట్‌కు తెలిపితే మోటారు ఆగుతుంది. నూనె వెనక్కి రాకుండా, దాన్ని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్, కరెంటుతో తెరుచుకునే సొలినాయిడ్ వాల్వ్ ఆపి ఉంచుతాయి. కిందికి దించినప్పుడు సొలినాయిడ్ తెరుచుకుని, కారు బరువుతోనే నూనె ట్యాంకులోకి తిరిగి వస్తుంది.

మా కారులో ముందుభాగం పూర్తిగా లేచిన తర్వాత కూడా పంపు ఆగకుండా మోగుతూ ఉండేది. కాసేపటికి కంట్రోల్ యూనిట్ తనంతట తానే దాన్ని ఆపి, డ్యాష్‌బోర్డులో హెచ్చరిక చూపేది. పంపు మారిస్తే సరి అన్న సలహా వెంటనే వచ్చింది గానీ, ఎత్తు పూర్తిగా అందుతున్నప్పుడు పంపును అనుమానించడానికి కారణం లేదు. స్విచ్ కనెక్టర్ ఊడదీసి చూస్తే లోపలి పిన్నుల మీద పచ్చటి హైడ్రాలిక్ నూనె తడి మెరుస్తూ కనిపించింది. ఆ తడి ఉన్నదంటే స్విచ్ లోపలి సీలు దాటి నూనె విద్యుత్ భాగంలోకి చేరిందని అర్థం, దానికి మరమ్మతు లేదు. మల్టీమీటర్ కూడా అదే చెప్పింది: ముందుభాగం కిందున్నా, పైనున్నా కాంటాక్టు స్థితిలో మార్పు లేదు. ఇలాంటి లోపం ఉన్నవారెవరైనా పంపు ఖర్చుకు ఒప్పుకునే ముందు ఆ ఒక్క కనెక్టర్ ఊడదీసి చూడాలని నా మనవి.

కారు కంపెనీ విడిభాగాల జాబితాలో స్విచ్‌కు ప్రత్యేక నంబరు లేదు, మొత్తం పంపు యూనిట్‌తో కలిపే ఇస్తారు. అందుకే రాణిగంజ్ దారి పట్టాను. అక్కడ ఆటో విడిభాగాల దుకాణాలు, హైడ్రాలిక్ దుకాణాలు దగ్గరదగ్గరగానే ఉన్నా వాటి సరుకు వేరు, లెక్కలు వేరు. ఆటో దుకాణాల్లో పాత స్విచ్ చూపిస్తే ఇంజన్ ఆయిల్ ప్రెషర్ స్విచ్, పాత వాహనాల బ్రేక్ లైట్ స్విచ్, ఏసీ గ్యాస్ స్విచ్ తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. మరలు సరిపోతే చాలన్న ఉద్దేశంతో మంచి మనసుతోనే ఇచ్చారు. కానీ ఇంజన్ ఆయిల్ స్విచ్ సాధారణంగా అర బార్ (బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లోపే మారుతుంది, హైడ్రాలిక్ బ్రేక్ లైట్ స్విచ్ కొద్ది బార్ల దగ్గరే మారుతుంది. ఏసీ స్విచ్‌లో ఎక్కువ ఒత్తిడి వద్ద కట్ చేసే హద్దు 30 బార్ ప్రాంతంలో ఉన్నా, అది గ్యాస్ కోసం చేసినది. వీటిలో ఏది బిగించినా ముందుభాగం సగం కూడా లేవకుండానే పంపు ఆగిపోయేది. హైడ్రాలిక్ దుకాణంలో పెద్దాయన మాత్రం స్విచ్ వైపు చూడకుండా, “ఎన్ని బార్‌లో కట్ కావాలి సార్, ఎన్ని బార్‌లో మళ్లీ కలవాలి?” అని అడిగారు. ఎంపిక మొత్తం ఆ ప్రశ్న రెండో సగంలోనే ఉంది.

అది ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది స్విచ్ కొనేటప్పుడు ఒక్క ఒత్తిడి అంకెనే చూస్తారు. పంపు దగ్గర టీ జాయింట్ పెట్టి, ప్రెషర్ గేజ్ కట్టి చూశాం. ముందు డిక్కీలో సామాను, ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నప్పుడు ముందుభాగం లేస్తున్నంతసేపూ ముల్లు 45 బార్ దగ్గర నిలకడగా ఉంది. సిలిండర్లు చివరకు చేరగానే అది గబగబా పైకి వెళ్లి 90 దగ్గర ఆగింది, అక్కడ ఒత్తిడి మించకుండా నూనెను వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటోంది. మొదటి అంకె కారు బరువును మోయడానికి కావలసిన ఒత్తిడి, రెండోది వ్యవస్థ అనుమతించే గరిష్ఠం. స్విచ్ ఈ రెండింటి మధ్య మారాలి. ఇంతవరకు తేలికే.

మోటారు ఆగిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు విషయం. వాల్వులు ఎంత బాగున్నా నూనె కొద్దికొద్దిగా జారుతుంది. మొదట ఒత్తిడి 45 దాకా తగ్గుతుంది, అంతవరకు కారు ఎత్తు మారదు. ఆ తర్వాత కారు నెమ్మదిగా కిందికి దిగుతుంది గానీ ఒత్తిడి తగ్గదు, బరువు మారలేదు కనుక ముల్లు 45 దగ్గరే ఉంటుంది. స్విచ్ తిరిగి పాత స్థితికి వచ్చే ఒత్తిడి 45 కంటే తక్కువైతే, ముందుభాగం దాదాపు పూర్తిగా కిందికి దిగిపోయినా స్విచ్ మాత్రం ఇంకా పైనే ఉందని కంట్రోల్ యూనిట్‌కు చెబుతూనే ఉంటుంది. పంపు మళ్లీ తిరగదు, డ్రైవరు డ్యాష్‌బోర్డు గుర్తును నమ్మి ర్యాంపు మీదికి వెళతాడు. అందుకే మారే ఒత్తిడికీ తిరిగి వచ్చే ఒత్తిడికీ మధ్య తేడా, అంటే హిస్టెరిసిస్, ఎంతో అడగకుండా ఈ స్విచ్ కొనకూడదు. కొన్ని రకాల్లో ఆ తేడా 30 శాతం దాకా ఉంటుంది. 65 బార్ దగ్గర పెట్టిన అటువంటి స్విచ్ 45.5 దగ్గర తిరిగి వస్తుంది, అంటే ప్రమాదపు అంచునే ఉంటుంది. నేను తీసుకున్నదాంట్లో తేడా సుమారు 15 శాతం. 70 బార్ దగ్గర పెడితే 60 ప్రాంతంలో తిరిగి వస్తుంది, కింద 15 బార్ల భద్రత మిగులుతుంది. తేడా మరీ తక్కువైనా మంచిది కాదు. ఒత్తిడి కాస్త జారినప్పుడల్లా పంపు తిరగడం మొదలుపెడుతుంది.

70 అన్న అంకెకు ఇంకో కారణం చలికాలం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నూనె కొంచెం చిక్కబడుతుంది. సన్నటి గొట్టంలో అది కదలడానికి పంపు ఎక్కువ ఒత్తిడి పెట్టాలి. స్విచ్ పంపు పక్కనే ఉంటుంది కనుక సిలిండర్ దగ్గర కన్నా ఎక్కువ ఒత్తిడి దానికి తగులుతుంది. 50 బార్ దగ్గర పెట్టి ఉంటే అటువంటి ఉదయాల్లో లిఫ్ట్ మధ్యలోనే ఆగిపోయేది. ఈ రెండు చలికాలాల్లో ఆ ఇబ్బంది ఒక్కసారి కూడా రాలేదు.

మరల విషయంలో వెర్నియర్ కాలిపర్, పిచ్ గేజ్ లేకుండా దుకాణానికి వెళ్లవద్దు. ఇక్కడ కావలసిన ఎం10x1 మర బయటి వ్యాసం 10 మిల్లీమీటర్లు, పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1 మిల్లీమీటరు. మన హైడ్రాలిక్ మార్కెట్లో ఎక్కువగా దొరికే బ్రిటిష్ ప్రమాణపు బీఎస్‌పీ 1/8 అంగుళం మర వ్యాసం 9.73 మిల్లీమీటర్లు, అంగుళానికి 28 మరలు. అమెరికన్ ఎన్‌పీటీ 1/8 అంగుళానికి 27 మరలతో, కొసకు సన్నబడుతూ ఉంటుంది. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని స్థానంలో ఇంకొకటి రెండు చుట్లు తిరుగుతుంది కూడా. అక్కడ బలం పెట్టి తిప్పితే పంపు అల్యూమినియం బ్లాకులోని మర చెడిపోతుంది, అప్పుడు నిజంగానే పంపు యూనిట్ మొత్తం కొనాలి. మా కారుకు ఎం10 కావాలి. హైడ్రాలిక్ దుకాణంలో వెంటనే ఉన్నది బీఎస్‌పీ, మధ్యలో అడాప్టర్ పెట్టుకోమన్నారు. అడాప్టర్ అంటే నూనె కారడానికి మరో చోటు, పైగా స్విచ్ పొడవు పెరిగి చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్‌కు తగులుతుంది. అందుకే ఎం10 మరతో తెప్పించమని చెప్పి కొన్నాళ్లు ఆగాను. ఆగినందుకు ఫలితం దక్కింది.

కాంటాక్టు గురించి రెండు మాటలు. పాత స్విచ్ మామూలుగా తెరిచి ఉండి ఒత్తిడికి మూసుకునేదా, మూసి ఉండి తెరుచుకునేదా అన్నది కారు వైరింగ్ డయాగ్రమ్‌లో చూసి తేల్చుకోవాలి, పాడైన స్విచ్‌ను కొలిచి తేల్చకూడదు. మూడు టెర్మినళ్లున్న స్విచ్ తీసుకుంటే రెండు రకాలూ అందులోనే ఉంటాయి. ఈ స్విచ్ మోటారు కరెంటును మోయదు, ఆ పని రిలే అనే వేరే స్విచ్‌ది. కంట్రోల్ యూనిట్‌కు సంకేతం పంపే కరెంటు మిల్లీఆంపియర్లలోనే ఉంటుంది కనుక బంగారు పూత ఉన్న కాంటాక్టులు మేలు. పెద్ద కరెంటు కోసం చేసిన వెండి కాంటాక్టుల మీద కాలక్రమంలో ఏర్పడే పొరను ఇంత చిన్న కరెంటు ఛేదించలేకపోవచ్చు. ఆంపియర్లు ఎక్కువ రాసి ఉన్న స్విచ్ మంచిదన్న అభిప్రాయం ఇక్కడ పనికిరాదు.

సీలు రబ్బరు ఏమిటో కూడా అడగాలి. హైడ్రాలిక్ నూనెకు నైట్రైల్ గానీ వైటన్ గానీ సరిపోతుంది. బ్రేక్ నూనె కోసం చేసే ఈపీడీఎం రబ్బరు ఇలాంటి నూనెలో ఉబ్బిపోతుంది. వేడిని దృష్టిలో పెట్టుకుని నేను వైటన్ తీసుకున్నాను.

బిగించే పని మా మెకానిక్ అన్న చేశాడు, నేను పక్కనే ఉన్నాను. ముందుభాగం పూర్తిగా దించి, వ్యవస్థలో ఒత్తిడి లేకుండా చేసి, కారును స్టాండ్ల మీద నిలిపాకే పాత స్విచ్‌కు పానా తగిలించాడు. కొసకు సన్నబడని సమాంతర మర కనుక టెఫ్లాన్ టేపు చుట్టలేదు. దాని పోగు ఒక్కటి తెగి నూనెలో కలిసినా సొలినాయిడ్ వాల్వ్ సరిగా మూసుకోదు. కొత్త డౌటీ వాషర్ (రబ్బరు సీలున్న లోహపు వాషర్) ఒక్కటే వేశాడు. పాత కనెక్టర్ సరిపోదు కాబట్టి దాని వైర్లకు సీలున్న కొత్త కనెక్టర్‌ను క్రింప్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించాడు. తర్వాత ముందుభాగాన్ని పలుమార్లు లేపి దించి గాలి పోగొట్టి, కిందికి దించి ఉన్నప్పుడు ట్యాంకులో నూనె మట్టం సరిచేశాడు. చివరగా గేజ్ చూస్తూ 70 బార్‌కు సెట్ చేశాడు. మొత్తం ఖర్చు పంపు యూనిట్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

వాడకంలో చెప్పాల్సిన లోపాలు మూడు కనిపించాయి. సర్దుబాటు స్క్రూ కనెక్టర్ కిందే ఉండటంతో ఒత్తిడి మార్చాలంటే ప్రతిసారీ కనెక్టర్ ఊడదీయాలి. మొదటి ఏడాది తర్వాత గేజ్ కట్టి చూస్తే సెట్టింగు 70 నుంచి 67కు జారింది. పనికి అడ్డు రాలేదు గానీ, తిరిగి సరిచేసి స్క్రూ మీద లాకింగ్ పెయింట్ చుక్క వేయించాను. ఆ తర్వాత చూసినప్పుడు కదల్లేదు. మూడోది కనెక్టర్ మీది రబ్బరు బూటు (తొడుగు). మే నెల ఎండలకు అది గట్టిపడి అంచున చీలింది. వానాకాలం మొదలవకముందే గమనించి మార్చాం. కనెక్టర్‌కు ఐపీ67 రక్షణ ఉందని రాసినా, ఆ అంకె మీటరు లోతు వరకు నీటిలో అరగంట మునిగినా నీరు చేరదని చెబుతుంది గానీ, ఏళ్ల తరబడి ఎండనూ బురదనూ తట్టుకుంటుందని కాదు. స్విచ్ ఒంటి మీద జింకు పూత అక్కడక్కడా తెల్లబడింది, లోపలికి మాత్రం తుప్పు దిగలేదు. పిన్నులు ఇప్పటికీ పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. పాత స్విచ్ పాడైన తీరు చూసినవాడిగా నేను అన్నింటికంటే ఎక్కువగా కనిపెట్టుకుని ఉండేది ఈ ఒక్క విషయమే.

అన్ని కార్లకూ ఇది కుదరదు. స్విచ్ బదులు మూడు వైర్ల ప్రెషర్ సెన్సార్ ఉన్న వ్యవస్థల్లో కంట్రోల్ యూనిట్ సాధారణంగా అర వోల్టు నుంచి 4.5 వోల్టుల మధ్య క్రమంగా మారే సంకేతాన్ని ఆశిస్తుంది. తెరవడం, మూయడం మాత్రమే తెలిసిన స్విచ్ అక్కడ పనిచేయదు. గాలితో లేపే లిఫ్టుల్లో ఒత్తిడి చాలా తక్కువ స్థాయిలో ఉంటుంది కనుక వాటికి కంప్రెసర్ స్విచ్‌లు వేరుగా దొరుకుతాయి. వారంటీ ఇంకా నడుస్తున్న కారైతే బయటి స్విచ్ జోలికి వెళ్లకుండా సర్వీస్ సెంటర్‌లోనే మార్పించుకోవడం మంచిది.

ఇవేవీ వర్తించని, స్విచ్ మాత్రమే పాడైన హైడ్రాలిక్ లిఫ్ట్ ఉన్నవారికి ఈ రకం స్విచ్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. దుకాణానికి వెళ్లే ముందు గేజ్ కట్టించి, కారు లేస్తున్నప్పుడు ఎన్ని బార్లు, చివర ఎన్ని బార్లు అన్న రెండు అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. టీ జాయింట్, గేజ్ అద్దెకు ఇచ్చే వర్క్‌షాపులు బాలానగర్ వైపు అడిగితే దొరుకుతాయి.