ముప్పై దాటాక చేతిపని నేర్చుకోవాలంటే: ఐటీఐ, ఆర్‌సెటీ, షాపు… ఏది మేలు?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల మోటారు వైండింగు (కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టడం), ఇంటి వైరింగు, ఏసీ రిపేరు బాగా వచ్చిన మనిషికి పని కొదవ లేదు. కౌలు కలిసిరాక మానేసినవాళ్ళు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఈ పనుల వైపు చూస్తున్నారు. ఎక్కడ నేర్చుకోవాలన్నదే వాళ్ళ సందేహం. ఏ దారైనా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: నేర్చుకున్నన్నాళ్ళూ ఇల్లు ఎలా గడుస్తుంది?

ఐటీఐ అనగానే పదో తరగతి పిల్లలు గుర్తొస్తారు గానీ, అందులో చేరడానికి గరిష్ఠ వయసంటూ లేదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు 2 ఏళ్ళు, వెల్డర్ 1 ఏడాది. ఆ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. 2019లో సచివాలయాల్లో కరెంటు లైన్ల పని చూసే ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించి చూశారు. ఆ స్తంభం దాకా వెళ్ళాలన్నా ఎలక్ట్రికల్ ఐటీఐ గానీ, ఇంటర్ ఒకేషనల్ గానీ ఉండాల్సిందే. కంపెనీల్లో అప్రెంటిస్‌గా చేరాలన్నా ఆ కాగితమే దారి చూపిస్తుంది. కాకపోతే పగలంతా క్లాసులు, హాజరు తప్పనిసరి. ఇద్దరు పిల్లలున్న మనిషి రెండేళ్ళు కూలి మానుకోవడం మాటలు కాదు. పైగా సర్కారు ఉద్యోగాలకు వయసు పరిమితి ఉండనే ఉంది. ఇంట్లో రెండో సంపాదన ఉంటేనే ఈ దారి.

ఆర్‌సెటీలు బ్యాంకులు నడిపే శిక్షణ కేంద్రాలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా అది. పల్లెల్లో ఉండే 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళకు శిక్షణ, భోజనం, బస అన్నీ ఉచితం. కోర్సులు చాలావరకు నెల అటూ ఇటూగా ముగుస్తాయి. నాకు నచ్చేది ఆ తర్వాతి భాగం: రెండేళ్ళపాటు వాళ్ళే వెంటబడి కనుక్కుంటారు, బ్యాంకు రుణానికి సాయపడతారు. సొంతంగా చిన్న షాపు పెట్టుకోవాలనుకునేవాళ్ళకు ఇది పెద్ద అండ. ఒక్క విషయం మాత్రం బాధనిపిస్తుంది. శిక్షణ అనగానే ఆడవాళ్ళను టైలరింగుకే పంపిస్తారు. వీధికి ఇద్దరు టైలర్లున్న ఊళ్ళో మూడో మిషనుకు గిరాకీ ఎక్కడిది? రొయ్యల ప్లాంట్లలో నిలబడి తలలు తీసే ఆడవాళ్ళకు ఫ్రిజ్, ఏసీ రిపేరు ఎందుకు నేర్పకూడదు?

ఇక షాపులో చేరి నేర్చుకోవడం. చదువు కింద లెక్కగట్టరు గానీ, మన డెల్టాలో వైండింగు పని బతుకుతున్నది దీనివల్లే. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు కాలిందంటే పంట మొత్తం పోవచ్చు. రైతు అర్ధరాత్రయినా షాపు తలుపు కొడతాడు. పాత కాయిల్ విప్పేటప్పుడే తీగ గేజీ (మందం), చుట్ల లెక్క రాసుకోవడం, స్లాట్లలో కొత్త తీగ కూర్చడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం, ఉప్పుగాలికి బేరింగు ఎక్కడ తుప్పు పట్టిందో వెతకడం… ఇవి కాలిన మోటార్లు మళ్ళీ మళ్ళీ విప్పితేనే వస్తాయి. నెల కోర్సులో పరిచయం అవుతాయి, చేయి తిరగదు. షాపులో ఎంతో కొంత చేతికొస్తుంది కూడా. లోపమల్లా కాగితం లేకపోవడం, మేస్త్రీ మంచివాడు కాకపోతే ఏళ్ళ తరబడి టీలు మోయించడం.

ముప్పై దాటి, ఇంటి భారం తన మీదే ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదీ: ముందు ఆర్‌సెటీలో నెల రోజులు కూర్చుని కొలతలు, కనెక్షన్లు, కరెంటుతో జాగ్రత్తలు పద్ధతిగా నేర్చుకోండి. వెంటనే రద్దీ ఉన్న షాపులో చేరండి. చేరేటప్పుడే మీరు ఫలానా తారీఖు నుంచి పని చేస్తున్నారని మేస్త్రీ చేత రాయించుకుని, జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. అనుభవం చూపించి ఐటీఐ పరీక్షకు ప్రైవేటుగా కట్టే వెసులుబాటు ఉంది. అలా కట్టే రోజు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐలో మిమ్మల్ని మొదట అడిగేది ఆ రుజువే.