బ్యాంకాక్‌లో పది రిటైర్డ్ అవుట్లు, ఒక పనస గొడవ

పనస తొనలు తిన్నందుకు వెయ్యి బాత్‌లు జరిమానా వేయించుకున్న కుటుంబం లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. కానీ ముందు క్రికెట్ గురించి రాయకపోతే మా మామయ్యగారు ఊరుకోరు.

2025 మేలో మహిళల టీ20 ప్రపంచకప్ ఆసియా క్వాలిఫయర్, అంటే అర్హత పోటీ, బ్యాంకాక్‌లో జరిగింది. ఆడేవి తొమ్మిది జట్లు, పై దశకి వెళ్లేవి రెండే. మా అమ్మాయి ఆఫ్ స్పిన్ వేస్తుంది. ఎండాకాలం సెలవులు, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం, అప్పట్లో వీసా అక్కర్లేదు. ముగ్గురం బయల్దేరాం. ఆ ఏడాది మే 1 నుంచి థాయిలాండ్ వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం. మాకు తెలిసినాయన ముగ్గురికీ నింపిపెట్టి 1,500 రూపాయలు పుచ్చుకున్నాడు. మీరే నింపుకోండి, పది నిమిషాల పని.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి రైల్లో ఊళ్లోని పయా థాయ్ స్టేషన్‌కి మనిషికి 45 బాత్‌లు అయింది. బాత్ అంటే అప్పుడు రెండున్నర రూపాయల పైమాటే. ఏసీ రైలు, ఏ ఇబ్బందీ లేదు. దిగిన రోజే, మే 9న, ఐపీఎల్ వారం పాటు ఆపేశారని తెలిసి మామయ్యగారు మంచమెక్కారు. "సాయంత్రాలు ఏం చూడాలమ్మా?" అంటూ టీవీ వైపు దీనంగా చూశారు.

మర్నాడు టెర్డ్‌థాయ్ మైదానంలో యూఏఈ, ఖతార్ మ్యాచ్. వీధిలో ఆపిన టాక్సీవాడు మీటరు వేయనంటూ 600 అడిగాడు. యాప్‌లో బుక్ చేస్తే 340కి తేలింది. గేటు దగ్గర టికెట్ అడిగినవాళ్లే లేరు. చూసేవాళ్లు చాలా తక్కువ, బంతి బ్యాటుకి తగిలిన చప్పుడు మా దాకా వినిపించేది.

యూఏఈ ఓపెనర్లు ఈషా ఓజా 55 బంతుల్లో 113, తీర్థ సతీశ్ 42 బంతుల్లో 74. పదహారు ఓవర్లకి 192, వికెట్ పడలేదు. పైన మబ్బు కమ్ముతోంది. ఇంతలో ఇద్దరూ బ్యాట్లు చంకన పెట్టుకుని వెనక్కి వచ్చేశారు. తర్వాత వచ్చినవాళ్లూ బంతి ఆడకుండానే వెనక్కి. ప్యాడ్లు కట్టుకుని రావడం, క్రీజు దాకా వెళ్లడం, తిరగడం. గుళ్లో ప్రదక్షిణలా సాగిందది. టీ20లో డిక్లేర్ చేసే, అంటే మన బ్యాటింగ్ ఇక చాలని ముందే ముగించే, వీల్లేదు కదా, వాన వచ్చేలోపు ఖతార్‌ని బ్యాటింగ్‌కి దించాలంటే పదిమందీ రిటైర్డ్ అవుట్ కావడమే, అంటే ఎవరూ అవుట్ చేయకుండా తామే అవుట్‌గా వెళ్లిపోవడమే, దారి. అందులో ఎనిమిది సున్నాలు! ఖతార్ 29కే చాప చుట్టేసింది.

"ఇదేం క్రికెట్టమ్మా?" అన్నారు మామయ్యగారు. కాసేపాగి, "రూల్‌లో వద్దని లేదుగా, భలే బుర్ర" అని తొడ చరిచారు. ఐపీఎల్ బెంగ అక్కడితో పోయింది.

ఆ హుషారులోనే తిరిగి వస్తూ బండి మీద పనస తొనల ప్యాకెట్టు కొన్నారు, 50 బాత్‌లు. మన తొనల కంటే కాస్త గట్టిగా, కరకరలాడుతూ, తేనెలో ముంచినట్టున్నాయి. రాత్రి గదిలో కూర్చుని ముగ్గురం లాగించాం. పిక్కలు మాత్రం పారేయనివ్వలేదాయన, కడిగి కవర్లో దాచారు.

పొద్దున గది ఊడ్చే ఆవిడ వాసన పట్టింది. కాసేపటికి రిసెప్షన్ నుంచి పిలుపు. గదిలో డ్యూరియన్ (పనసలాగే ముళ్లుండే, ఘాటు వాసన కొట్టే పండు) తిన్నారు, మీ డిపాజిట్ వెయ్యి బాత్‌లూ జరిమానా కింద పోయింది అంది కౌంటర్ అమ్మాయి. నవ్వుతూనే. లిఫ్ట్ పక్కన ముళ్లకాయ బొమ్మ మీద ఎర్రగీత ఉన్న బోర్డు చూపించింది. రాత్రికి 1,400 తీసుకునే ఈ హోటల్లో వేడినీళ్లు సన్నటి ధారగా వస్తాయి, మూడో మంచం కదిలితే కిర్రుమంటుంది. అవేవీ ఆ బోర్డు మీద లేవు.

"డ్యూరియన్ కాదమ్మా, ఖనున్, ఖనున్" అన్నాను. పనసకి థాయిలో అదే పేరని బండి అతను చెప్పాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అప్పుడు మామయ్యగారు పైకి వెళ్లి కవరు తెచ్చి, పిక్కలు కౌంటర్ మీద గుమ్మరించారు. పన్నెండు. ఒకటి దొర్లి కీబోర్డు కింద దూరింది. డ్యూరియన్ గింజలూ ఇలాగే ఉంటాయి అందామె. మా అమ్మాయి సిగ్గుతో వెళ్లి లాబీ మూల నిలబడింది.

మామయ్యగారు తగ్గలేదు. "బోర్డు మీద పనస బొమ్మ ఉందేమో చూడమను. నిన్న గ్రౌండ్‌లో అంపైరే ఒప్పుకున్నాడు, ఈవిడెవరు?" అన్నారు. మొదటి ముక్క వరకే ఇంగ్లీషులో చెప్పాను. చివరికి మేనేజరు వచ్చాడు, ఒక పిక్క తీసి వాసన చూశాడు, ఐదు వందలు తిరిగిచ్చాడు. పనసే అని ఒప్పుకుంటే మొత్తం ఇవ్వాలి, డ్యూరియన్ అంటే అసలివ్వకూడదు. సగం దేనికో ఇప్పటికీ అర్థం కాలేదు. బ్యాంకాక్‌లో గది తీసుకునేటప్పుడు డిపాజిట్ ఎందుకు, ఏ పళ్లు కూడదు అన్నది కాగితం మీద రాయించుకోండి.

మిగతా రెండు రోజులు ఇంకో రెండు మ్యాచ్‌లు, ఒక గుడి, నదిలో పడవ. బాగానే గడిచాయి.

టోర్నీ అయ్యాక చూస్తే పై దశకి వెళ్లింది థాయిలాండ్, నేపాల్. అంత బుర్ర వాడిన యూఏఈ ఇంటికెళ్లింది. మామయ్యగారు పేపరు మడిచి, "వాళ్లకీ సగమే దక్కిందన్నమాట" అని, కుక్కర్లో పిక్కలు ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతాయని అడిగారు.