గ్యాస్ హైడ్రేట్: వేడి చేసి కరిగించాలా, ఒత్తిడి తగ్గించాలా?

చూడ్డానికి మామూలు మంచుగడ్డలాగే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే చిటపటమంటుంది. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే పైన మంట, కింద నీటిచుక్కలు. ఇదే మీథేన్ హైడ్రేట్. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గూళ్లు కడతాయి, ఒక్కో గూట్లో ఒక్కో మీథేన్ అణువు ఇరుక్కుంటుంది. ఇలా ఒక ఘనమీటరు గడ్డలో ఒదిగిన గ్యాస్ బయటికొస్తే సుమారు 160 ఘనమీటర్లు అవుతుంది.

ఆ గూడు నిలవాలంటే చలి, ఒత్తిడి రెండూ ఉండాలి. 0 డిగ్రీల దగ్గర దాదాపు 26 బార్లు చాలు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). 10 డిగ్రీలకైతే 70 బార్లు కావాలి. అంటే నీళ్లు మంచుగా మారని చోట కూడా ఇది గడ్డకట్టేస్తుంది. గ్యాస్ పైపులైన్ నడిపేవాళ్ల టెన్షనంతా దానికే, గడ్డ కట్టిందంటే పైపు మూసుకుపోతుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు బావి లీకు మీదికి, సుమారు 1500 మీటర్ల లోతుకు దించిన ఉక్కు డోమ్ కూడా హైడ్రేట్ పేరుకునే మూసుకుపోయింది.

పైపులో అడ్డు తీయాలన్నా, నేలలోనో సముద్రగర్భంలోనో ఉన్న హైడ్రేట్ నుంచి గ్యాస్ తీయాలన్నా ఈ గూడు విప్పాల్సిందే. మరి విప్పేదెలా? ముందు తట్టేది వేడి. లెక్క కూడా ఊరిస్తుంది: ఒక మోల్ (సుమారు 16 గ్రాముల) మీథేన్ విడిపించడానికి సుమారు 54 కిలోజౌల్స్ పడుతుంది, దాన్ని మండిస్తే దాదాపు 890 వస్తాయి. కానీ మనం పంపిన వేడంతా గడ్డకే చేరదు, చుట్టూ ఉన్న మట్టి, నీళ్లు చాలావరకు తాగేస్తాయి. కెనడాలోని మాలిక్ హైడ్రేట్ నిక్షేపం దగ్గర 2002లో వేడి ద్రవం పంపి చూస్తే ఐదు రోజులకు వచ్చింది 500 ఘనమీటర్ల లోపే. అక్కడే 2008లో ఒత్తిడి తగ్గిస్తే ఆరు రోజుల్లో సుమారు 13,000 వచ్చింది. పైపులో అయితే వేడి ప్రమాదం కూడా. గడ్డ నడిమధ్యలో వేడి తగిలిందంటే, విడిపోయిన గ్యాస్‌కు అటూ ఇటూ దారుండదు, పైపు పగిలిపోవచ్చు.

నా ఓటు ఒత్తిడి తగ్గించడానికే. కావలసిన వేడిని గడ్డ చుట్టుపక్కల నుంచి తానే లాక్కుంటుంది. చిక్కూ అక్కడే ఉంది. తొందరపడి ఒత్తిడి ఒక్కసారిగా దించేస్తే గడ్డ తనంతట తానే చల్లబడి, విడిపోయిన నీరు దానిమీదే మంచుపొరగా కడుతుంది. ఇక లోపలి హైడ్రేట్ కరగడానికి మొరాయిస్తుంది. పైపులో ఒక్కవైపే దించితే ఇంకా ఘోరం: రెండోవైపు ఒత్తిడికి గడ్డ ఊడి, తూటాలా దూసుకెళ్తుంది. రెండు వైపులా సమానంగా, నిదానంగా దించాలి. సముద్రగర్భంలో మరో తలనొప్పి ఇసుక. హైడ్రేటే అక్కడ ఇసుకరేణువులను అతికించి ఉంచేది. జపాన్ 2013లో నంకాయ్ ద్రోణిలో ఇదే పద్ధతిలో ఆరు రోజుల్లో సుమారు 1,20,000 ఘనమీటర్ల గ్యాస్ తీసి, బావిలోకి ఇసుక రావడంతో ఆపేసింది.

హైడ్రేట్ కట్టకుండా ఆపే మెథనాల్, గ్లైకాల్ లాంటి రసాయనాలు గడ్డ కట్టకముందు పనికొస్తాయి. కట్టాక, అవి గడ్డదాకా చేరడమే కష్టం.

వేడిని అసలు వద్దనను. గడ్డ కరిగిన నీటికి ఒక పాడు జ్ఞాపకశక్తి ఉంది: వెంటనే మళ్లీ చల్లబరిస్తే, కొత్త నీటికన్నా త్వరగా హైడ్రేట్ కట్టేస్తుంది. బాగా వెచ్చబెడితే ఆ గుణం పోతుంది. కాబట్టి పైపు తెరుచుకోగానే గ్యాస్ వదిలేయకుండా, ముందు ఆ నీటిని తోడేయాలి, వీలుకాకపోతే వేడి చేయాలి.